సత్యవతి వాళ్ల అక్క మొక్క

ఆరేళ్లుగా ఒక మొక్క నా గుండెల మీద కూర్చుని ఉంది. అరచేతిలో పట్టేంత మొక్క. అంత చిన్నదానికి ఇంత బరువేమిటో మీకెలా చెప్పను?

మాది తణుకు. పక్కింటి సత్యవతి, పిఠాపురంలో తమ్ముడికి ఆపరేషనైతే సాయానికి వెళ్తూ, తన కుండీ నాకు అప్పగించింది. గులాబీ పువ్వులా విచ్చుకునే దళసరి ఆకుల మొక్క. నర్సరీవాళ్లు సక్యులెంట్ అంటారు. వాళ్ల అక్క బతికుండగా దాన్ని ఒక్క ఆకు నుంచి పెంచిందట. తను లేని నెల్లాళ్లూ నీళ్లు పోయొద్దని రెండుసార్లు చెప్పి మరీ వెళ్లింది.

నేను కాలవగట్టున పుట్టినదాన్ని. నీళ్లు పోయకుండా మొక్కను పెంచడమేమిటని నవ్వుకున్నాను. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు ఏనాడూ తూములో పోయలేదు. కరివేపాకుకో అరటికో పోస్తాం. దీనికీ పోశాను. రోజూ. జాలిపడి పోశానా, నాకు తెలియని మొక్కా అన్న పొగరుతో పోశానా? రెండూ ఉన్నాయి. పదిహేను రోజులకు ఆకులు నీరుపట్టి, ముట్టుకుంటే రాలిపోయాయి. మొదలు కుళ్లింది.

అంతవరకూ పొరపాటనే అనుకోవచ్చు. కడియం వెళ్లి అచ్చం అలాంటిదే కొన్నాను. మాటల్లో నర్సరీ ఆయన, పాతదానికి గట్టి ఆకు ఒక్కటి మిగిలినా పొడి ఇసుక మీద ఉంచితే పిలక వస్తుందని చెప్పాడు. ఇంట్లో రెండు గట్టి ఆకులున్నాయి. కానీ వాటిని పెంచాలంటే నెలలు పడుతుంది, జరిగింది చెప్పాల్సి వస్తుంది. ఇంటికొచ్చి ఆ రెండూ కాలవలో పడేశాను. కొత్తదాన్ని ఆ కుండీలోనే నాటాను.

సత్యవతి వచ్చి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మీ చెయ్యి చల్లనిదండి వదినగారూ. మా అక్క మొక్కని నాకంటే బాగా చూశారు."

"దాందేముందిలే సత్యవతీ" అన్నాను, తేలు కుట్టిన దొంగలా.

అప్పటినుంచి అక్క గుర్తని పిలకలు తీసి బంధువులకు పంచుతోంది. నాకూ ఒకటిచ్చింది. ఎవరింటికి పేరంటానికి వెళ్లినా నా అబద్ధం పచ్చగా ఎదురొస్తుంది.

చెప్తే అక్క రెండోసారి పోయినట్టవుతుందని నన్ను నేను సమాధానపరచుకున్నాను. నిజంగా ఆమె కోసమేనా? కాదు. నాది చల్లని చెయ్యి అనే మనిషి ఒక్కరైనా ఉండాలని.

ఆ మొక్క వాళ్ల అక్కది కాదు. అక్క మొక్కకు మిగిలిన రెండాకులనూ నేనే పారేశాను. మన్నించమని అడగాల్సింది మిమ్మల్ని కాదు, ఆ ధైర్యం ఇంకా రాలేదు. అయినా మీతో అన్నాక హాయిగా ఉంది. ఇప్పుడే కిటికీలో ఉన్న నా పిలక వైపు మొదటిసారి సూటిగా చూశాను. పాపం, దాని తప్పేముంది, బాగానే పెరిగింది.