ఒంటి చేప

నాలుగు ప్రయాణాల్లో ఆ ఏటికి సమర్పించుకున్నవన్నీ చెబుతాను. రేకు ఎరలు పదకొండు. గాలాలు ఇరవై ఆరు. నా కళ్లజోడు ఒకటి. బామ్మర్ది ఎడమ కాలి బూటు. టిఫిన్ డబ్బా మూత, డబ్బా మిగిలింది. ఒక గొడుగు, అది ఒక్కసారి కూడా తెరవకముందే పోయింది. గాలానికి పడి, ఒడ్డు దాకా వచ్చి తప్పించుకున్న చేపలు నా లెక్కలో తొమ్మిది, బామ్మర్ది లెక్కలో నలభై. నీళ్లలో కనబడి మాయమైనవాటిని కూడా అతను పోయిన చేపల్లోనే కలిపేవాడు.

ఇవి ఏరు తీసుకున్నవి. నాలుగోసారి వెళ్లి వచ్చాక, ఏటితో ఏ సంబంధమూ లేకుండా ఇంకొకటి పోయింది. బామ్మర్ది కుడి చెయ్యి. దాంతోపాటు కుడి కాలూ, మాటా. పక్షవాతమన్నారు. ఆ చెయ్యి ఇప్పుడు దుప్పటి మీద ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది.

నేను కొత్తవాడలో దర్రీలకు, అంటే నేలమీద పరిచే నూలు తివాచీలకు, పోగుల లెక్క కడతాను. అంచుకు ఎన్ని పోగులు, మధ్యలో పువ్వుకు ఎన్ని, ఏ రంగు నూలు ఎంత కావాలి అన్నది మగ్గం ఎక్కకముందే తేల్చి చెప్పాలి. ఈ విద్య ఎవరూ నేర్పలేదు. పదో తరగతిలో బడి ఆగిపోయాక మగ్గాల పక్కన నిలబడి నేర్చుకున్నాను. దర్రీ పూర్తయ్యేసరికి నూలు మిగలకూడదు, చాలకపోకూడదు. అలా తేలిన రోజు నాకు అన్నం బాగా సహించేది.

నా భార్య పోయాక సుబేదారిలో ఉన్న మా ఇంట్లో ఒక్కణ్నే మిగిలాను. మాకు పిల్లలు లేరు. ఆమె వైపు బంధువులు కొన్నాళ్లు వచ్చారు, తర్వాత రావడం తగ్గించారు. అందులో తప్పేమీ లేదు. మధ్యలో ఉండాల్సిన మనిషి లేదు. ఆమె తమ్ముడు మాత్రం, ధర్మసాగర్‌లో ఉండేవాడు, జ్ఞాపక ప్రార్థన రోజు అందరూ లేచాక నా పక్కన కూర్చున్నాడు.

"బావా, రేపు పొద్దుగాల చెరువు కట్టకు రా. నాకు గాలానికి జోడు లేడు."

"నాకు చేపలు పట్టుడు రాదుర."

"కూసునుడు వస్తది గదా? సగం పని గదే."

వెళ్లాను. ఎండ ఎక్కేసరికి అయిదు చేపలు పడ్డాయి, అయిదూ అతనికే. మూడు నా సంచిలో వేసి, రెండు తను తీసుకున్నాడు. ఎక్కువొచ్చింది ఒంటి చేప అనీ, అది ఇవాళ నాకు అప్పుగా ఇస్తున్నాడనీ, మళ్లీ వచ్చినప్పుడు నేను తీర్చాలనీ చెప్పాడు. మా మామగారి కాలం నుంచీ ఆ ఇంట్లో పద్ధతి అంతేనట. జోడుగా గాలం వేసినవాళ్లు సమానంగా పంచుకుని విడిపోకూడదు. ఎవరో ఒకరి మీద ఒక చేప బాకీ ఉండాలి. ఆ బాకీ తీర్చేటప్పుడు చేతిలో చెయ్యి పెట్టినట్టు చేపను ఎదుటి మనిషి చేతిలోనే పెట్టాలి. ఇంటికి పంపితే చెల్లదు, గుమ్మానికి తగిలించి పోతే చెల్లదు.

నాకిది నచ్చలేదు. తర్వాతి వారం అయిదు పడ్డాయి. బాకీ చేప ఒకటి అతని చేతిలో పెట్టాక నాలుగు మిగిలాయి.

"చెరి రెండు. తెగిపోయె గదర లెక్క," అన్నాను.

"అదే మరి. తెగిపోతది," అని ఒకదాన్ని తీసి చెరువులోకి విసిరేశాడు. మిగిలిన మూడింట్లో రెండు నావి కావాలని పట్టుబట్టాడు. ఆ పూట నాకు చాలా కోపం వచ్చింది. కానీ ఆ మరుసటి వారం కూడా వెళ్లాను. బాకీ ఉన్నాను కదా.

ఉత్తరాది మంచు కొండల దాకా వెళ్లింది దర్రీల పుణ్యాన. కులూలో చేనేత ప్రదర్శన పెడితే మా దుకాణం తరఫున నన్ను పంపారు. మూటలు మొయ్యడానికి బామ్మర్ది వచ్చాడు. కాజీపేటలో రైలెక్కి, ఢిల్లీలో దిగి, అక్కణ్నుంచి రాత్రి బస్సు. తెల్లారి కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన లోయ, లోయ అడుగున తెల్లగా నురుగు. బామ్మర్ది నా భుజం పట్టుకుని, "బావా, నీళ్లు గంత తొందరగా ఎటు పోతున్నయే?" అన్నాడు. మా చెరువు నీళ్లు ఎటూ పోవు, నల్లాల్లోకి తప్ప.

ప్రదర్శన ముగిశాక రెండు రోజులు మిగిలాయి. పక్క స్టాలులో శాలువాలమ్మే ఆయన తీర్థన్ ఏటి సంగతి చెప్పాడు. అందులో ట్రౌట్ అనే చేప ఉంటుందనీ, అనుమతి చిట్టీ తీసుకుంటే పట్టనిస్తారనీ చెప్పాడు. బామ్మర్ది ఆ రాత్రి నిద్రపోలేదు.

మేం చేసింది ధర్మసాగర్ మనుషులు మాత్రమే చేసే పని. మంచి బండ చూసుకుని, దాని మీద దర్రీ ముక్క పరిచి, జొన్నపిండి ముద్ద గాలానికి గుచ్చి, బెండు కట్టి నీళ్లలో వేసి కూర్చున్నాం. బెండు నిలబడితే కదా! వేసిన మరుక్షణం దిగువకు కొట్టుకుపోయేది. లాగి మళ్లీ వేసేవాళ్లం. మధ్యాహ్నం దాకా అదే పని. ఏటి కాపలా ఉండే ముసలాయన ఒకాయన పైన రోడ్డు మీద నిలబడి మమ్మల్ని చాలాసేపు చూశాడట. చివరికి దిగి వచ్చాడు.

"చేప మీ కోసం వస్తుందని కూర్చున్నారా?" అని హిందీలో అడిగాడు.

"హా చాచా. హమారే తాలాబ్‌మే ఆతా," అన్నాడు బామ్మర్ది, మా చెరువులో వస్తుంది మరి అన్నట్టు.

ముసలాయన నవ్వి, నవ్వీ, మా బండ మీదే కూలబడ్డాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. ఇక్కడ చేప ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది. పైనుంచి కొట్టుకొచ్చేదాన్ని తింటుంది. కాబట్టి మనం దిగువ నుంచి, దాని వెనకగా, ఎగువకు నడుచుకుంటూ పోవాలి. నీడ నీళ్ల మీద పడకూడదు. ఆగకూడదు. జొన్నపిండి తీసి చెంచా ఆకారంలో ఉన్న చిన్న రేకు ఎర ఒకటి ఇచ్చాడు.

మొదటి ట్రౌట్ సాయంత్రం పడింది. అరచెయ్యంత, ఒళ్లంతా ఎర్రచుక్కలు. బామ్మర్ది దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నా ముఖం దగ్గర పెట్టాడు.

"అమ్మోరు పోసినట్టున్నదేందే బావా దీనికి!"

"చిన్నగ మాట్లాడు. ఉన్నవి బెదురుతయ్."

"నా తెలుగు వీటికేం సమజైతది?"

ఆ తర్వాత మరో మూడుసార్లు వెళ్లాం, ప్రదర్శనలేవీ లేకుండా, ఏడాది దుడ్లు కూడబెట్టుకుని. దేవదారు చెట్ల కింద ఎండ పడని దారులు, మోకాలు దాకా నీళ్లలో దిగితే ఎముక లోపల పుట్టే నొప్పి, ఎగువన మంచు కరిగిన రోజు ఏరు పాలలా మారడం, సాయంత్రం బస గదిలో పొయ్యి చుట్టూ ఆరేసిన మేజోళ్లు. ఇవన్నీ గుర్తున్నాయి. కానీ ఎక్కువ గుర్తున్నది అతని మాట. వంపు తిరిగి కనబడకుండా పోయినా మాట వినపడుతూనే ఉండేది. చేపతో, బండతో, పోయిన బూటుతో మాట్లాడేవాడు. నేను జవాబివ్వనక్కర్లేదు. ఇంట్లో మాట వినపడి ఎన్నాళ్లయిందో తెలిసినవాడికి అది చాలు.

నాలుగోసారి చివరి రోజు ఏడు పడ్డాయి. నాలుగు నాకిచ్చాడు.

"ఒంటి చేప నీ మీదనే బావా. వచ్చే ఏడు నా చేతిల పెట్టాలె. మర్శిపోతవ్."

"నేనెన్నడన్న లెక్క మర్శిన్నార?"

"అక్కను అడుగుదమంటే లేకపాయె," అన్నాడు, నవ్వుతూనే.

ఇంటికొచ్చిన రెండు నెలలకు పడిపోయాడు. దవాఖానలో నెలరోజులు. ప్రాణానికి ఫికర్ లేదన్నారు. మాట మెల్లగా వస్తుందన్నారు. కొంత వచ్చింది. మింగిన మాటలు ఎక్కువ, బయటపడ్డవి తక్కువ. అతని భార్యను నేను చెల్లె అని పిలుస్తాను. ఆమెకు అర్థమైనవి నాకు చెప్పేది.

మరుసటి ఏడు నేను వెళ్లనన్నాను. అతను ఎడమ చేత్తో నన్ను తోశాడు. మళ్లీ తోశాడు.

"పోయి రమ్మంటాండు అన్నా," అంది చెల్లె. "బాకీ ఉన్నవంట గదా."

ఒక్కణ్నే వెళ్లాను. బస్సులో పక్క సీటులో ఎవరో నిద్రపోయారు. ఏటి కాపలా ముసలాయన లేడు, కొత్తగా ఎవరో వచ్చారు, నన్నెరగరు. ఏరు అదే, బండలు అవే. అంత చప్పుడు చేస్తుందని ఇన్నేళ్లూ నాకు తెలియదు. ఒకచోట దిగువ నుంచి ఎగువకు నడుస్తూ, వంపు తిరిగాక ఆగి, వెనక నుంచి రావాల్సిన మాట కోసం నిలబడ్డాను. నిలబడ్డట్టు కాసేపటికి గానీ గ్రహించలేదు. ఆ రోజు ఏమీ పడలేదు. రాత్రి బస గదిలో రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద సంచి పెట్టి పడుకున్నాను.

రెండో రోజు ఎండ వాలుతుండగా, వంతెన కింద ఒకటి పడింది. ఎర్రచుక్కలది, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నది. వలబుట్టలో ఉంచి, బుట్ట సగం నీళ్లలో ఉండేలా రాళ్ల మధ్య ఇరికించాను. వంతెన దగ్గర ఫోనుకు సిగ్నల్ ఉంటుంది. వీడియో కాల్ చేశాను. చెల్లె ఎత్తి, ఫోను అతని ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

"చూడుర. నీ చేప," అన్నాను. వంగి, బుట్ట కొంచెం పైకెత్తి చూపించాను. "బాకీ తీరింది. సరేనా?"

అతను చాలాసేపు చూశాడు. చేపనో, దాని వెనక నీళ్లనో. నోరు ఒక పక్కకు లాగింది. అతనికి మాట రావడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి వద్దనబోయాను.

"చె... ల్ల... దు."

చెల్లె నవ్వింది. "ఏందయ్యా, గంత దూరం పోయి పట్టిండు గదా!"

ఎడమ చెయ్యి లేచింది. తన కుడి అరచేతిని తట్టి చూపించాడు. దుప్పటి మీద తెరుచుకుని పడున్న అరచెయ్యి. ఇక్కడ పెట్టాలి. మళ్లీ అన్నాడు, ఈసారి కొంచెం తొందరగా, "చెల్లదు బావా."

ఫోను పెట్టేశాక బుట్ట వంచాను. చేప కాసేపు నా కాళ్ల దగ్గరే, ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడింది. తర్వాత లేదు.

ఇప్పుడు ఆదివారం చర్చి అయ్యాక ధర్మసాగర్ బస్సెక్కుతాను. అతని కుడి అరచేతిలో రబ్బరు బంతి పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి పట్టుకుంటాను. వదిలితే బంతి దొర్లిపోతుంది. తీసుకొచ్చి మళ్లీ పెడతాను. మొన్నొకసారి, మన చెరువులో రవ్వ చేప తెస్తే చెల్లుతుందా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ఆ ఏటిదే కావాలట, ఆ ఏటి దగ్గరే కావాలట. బంతి కిందపడింది. వంగి తీశాను.

నూలు లెక్కలన్నీ తేలాయి. ఇదొక్కటి తేలలేదు. నా మీద బాకీ: ఎర్రచుక్కల చేప, ఒకటి.