రిలీవరు రాని డ్యూటీ

భిలాయి సెక్టర్ 6లో ఉండే కుముదిని దీదీ ఒక ఏనుగుకి తొమ్మిదో ఎక్కం నేర్పింది. నవ్వకండి. ఆ ఏనుగు ఊరి బయట ఉతై వైపు నుంచి వచ్చి నా ఆటోకి అడ్డంగా నిలబడింది. హారన్ కొట్టినా కదల్లేదు. దీదీ వచ్చి దాని చెవిలో ఏదో చెప్పింది. అంతే, అది తొండంతో నేల మీద కొడుతూ తొంభై దాకా అప్పజెప్పి, సెలవు తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఈ వైపు రాలేదు. దీదీ దగ్గర నేర్చుకున్న వాళ్లెవరూ మళ్లీ ఈ వైపు రారు. ఆ ముక్క మాత్రం నిజం.

నా పేరు లక్ష్మీప్రసాద్. కోహ్కా బస్తీలో పిల్లల్ని ఎక్కించుకుని సెక్టర్లలో దించే ఆటో నాది. తొమ్మిదో తరగతిలో నేను బడి వదిలేశాను. ఆ బడి ఇంతవరకూ తేరుకోలేదు. భిలాయిలో మాటల్లో నన్ను ఓడించిన మనిషి లేడు. దీదీని లెక్కలోకి తీసుకోను, ఆవిడ అసలు మాట్లాడితే కదా.

ఆవిడ తండ్రి నరసింగరావుగారు విజయనగరం వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికి వచ్చారు. కోక్ ఓవెన్లలో జీవితమంతా పనిచేసి, ఉన్న క్వార్టరునే లీజుకి తీసుకుని, అందులోనే కన్నుమూశారు. ఇప్పుడు ఆ రెండు గదుల్లో దీదీ ఒక్కతే ఉంటుంది. వయసు యాభై దాటింది. ముందుగదిలో ఒక బల్ల, కొన్ని స్టూళ్లు. వచ్చే పిల్లలు వేరే రకం. అక్షరాలు కళ్ల ముందు ఈగల్లా ముసిరేవాళ్లు కొందరు. లెక్క వచ్చి కూడా పుస్తకం తెరవడానికి గంట పట్టేవాళ్లు కొందరు. సంచీతో బడికి వెళ్లి సంచీ లేకుండా వచ్చేవాళ్లు ఇంకొందరు. డాక్టర్లు వీటికి పెద్ద పెద్ద పేర్లు పెడతారు. ఇంట్లోవాళ్లు మొద్దు అనే ఒక్క పేరుతో సరిపెడతారు. ఆ మాటని చెప్పులతో పాటు బయటే విడిచి రమ్మంటుంది దీదీ.

ఆవిడ నేర్పే పద్ధతి తండ్రి నుంచి వచ్చింది. ప్లాంటులో డ్యూటీలో ఉన్నవాడు, తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి నిలబడేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. వచ్చేవాడు రిలీవరు. అతను రాగానే ఏది నడుస్తోంది, ఏది ఆగింది, ముందు దేని మీద కన్ను వెయ్యాలి, ఇవన్నీ అప్పజెప్పి మరీ ఇంటికి పోవాలి. దాన్ని చార్జి ఇవ్వడం అంటారు. దీదీ ఇంట్లో పిల్లలు కూడా సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి చార్జి ఇస్తారు. "సైన్సు నడుస్తోంది దీదీ. హిందీ ఆగింది. రేపు ముందు లెక్కలు." మర్నాడు అదే గుమ్మంలో దీదీ ఆ చార్జి తిరిగి ఇస్తుంది. తెల్లారేసరికి తలలో ఏదీ నిలవని పిల్లలు, ఆ బరువు ఆవిడ దగ్గర దించిపోయి మళ్లీ ఎత్తుకుంటారన్న మాట.

కొన్నాళ్లకి దీదీ సగమే చెప్పి ఆగుతుంది. ఇంకొన్నాళ్లకి "నువ్వే చెప్పు" అంటుంది. ఆ తర్వాత వాళ్లకి దీదీ అక్కర్లేదు. బజారులో ఎదురైతే "నమస్తే దీదీ" అని సైకిలు ఆపకుండా వెళ్లిపోతారు.

"కొంచెం తక్కువ నేర్పండి దీదీ, ఇంకో ఏడాది వస్తారు" అన్నాను ఒకసారి.

"నువ్వు ముందు బ్రేకులు చూపించుకో" అంది.

పోయిన ఏడాదికి ఆ బల్ల దగ్గర ఒక్క సుచిత్రే మిగిలింది. కొత్త పిల్లలు ఏసీ ఉన్న కోచింగు సెంటర్లకి పోతున్నారు. ఒక సాయంత్రం ఆ పిల్ల నా ఆటోలో మరిచిపోయిన గొడుగు దీదీకి ఇవ్వడానికి వెళ్లి, కిటికీ అవతల దీదీ గొంతు విని ఆగిపోయాను. "పాలు కాగాయి. మోటారు ఆపాను. రేపు ముందు గ్యాసు సంగతి చూడాలి." ఎవరో చుట్టాలొచ్చారనుకుని తొంగి చూశాను. గదిలో ఎవరూ లేరు. గొడుగు గుమ్మానికి ఆనించి వచ్చేశాను.

సుచిత్రది కోహ్కా. నాయనమ్మ సింహాచలమ్మ ఇళ్లల్లో పనిచేసి పెంచుతోంది. తాత ప్లాంటులో కాంట్రాక్టు లేబరుగా చేసి పోయాడు. సుచిత్ర పదో తరగతి రెండుసార్లు తప్పింది. చదువు రాక కాదు. ఒకసారి తనది కాని పరీక్ష సెంటరుకి వెళ్లిపోయింది. ఇంకోసారి మొదటి ప్రశ్న దగ్గరే కూర్చుని బెల్లు కొట్టేదాకా కదల్లేదు.

"ఏటమ్మా కుముదినీ, ఈ గుంట ఈపాలైనా గట్టెక్కుతాదా?" అని సింహాచలమ్మ నా ఆటోలోంచే అరిచేది. "ఈపాలి గానీ తప్పిందా, ఇంక నాతోపాటు గిన్నెలు తోమడానికి తీసుకుపోతాను. ఆ మాట దానికీ సెప్పేసినాను."

"చదువు వచ్చేసిందమ్మా. మొదలుపెట్టడమే రావాలి" అనేది దీదీ.

పరీక్షల ముందురోజు సుచిత్ర గుమ్మంలో చార్జి ఇచ్చింది. దీదీ అంతా విని, "రేపు నేను రాను. ఫోనూ చెయ్యను" అంది.

మర్నాడు సెంటరు దగ్గర దించాను. పిల్లలందరూ లోపలికి వెళ్లిపోయారు. సుచిత్ర మాత్రం హాల్ టికెట్ పట్టుకుని గేటు పక్కన గోడకి ఆనుకుంది.

"ఏటి సుచిత్రా, నీకు బాజాలు పెట్టి పిలవాలేటి? లోపలికెళ్లు."

"దీదీకో ఆనే దో భయ్యా."

"దీదీ రాదు. నిన్ననే చెప్పింది కదా."

"చార్జి నేను ఇచ్చేసినాను. తిరిగి నాకు ఇవ్వలేదు. రిలీవర్ రాకుండా ఎలాగెల్తాను?"

వేళాకోళం అనుకున్నాను. కానీ ఆ పిల్ల ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. వాచ్‌మన్ గొలుసు చేతిలోకి తీసుకుని "ఆనా హై తో ఆఓ బేటీ, గేట్ బంద్ కర్ రహా హూఁ" అని, వచ్చేదుంటే ఇప్పుడే రమ్మని తొందరపెట్టాడు. దీదీకి ఫోను చేసి, పరిస్థితి చెప్పాను. "స్పీకరు పెట్టు" అంది. పెట్టాను.

"సుచిత్రా."

"ఆప్ కహాఁ హో దీదీ?"

"ఇంట్లో."

"వస్తన్నారా?"

"రాను."

గేటు ఒక రెక్క మూసేశారు. నాకైతే వెళ్లి ఆ రెక్క పీకి పారేద్దామనిపించింది. ఫోనులో కుక్కరు ఆవిరి చప్పుడు వినిపిస్తోంది.

"రిలీవరు రావడం లేదు" అంది దీదీ. "ఇప్పుడేం చేస్తావు?"

సుచిత్ర నేల చూసింది, గొలుసు చూసింది. "మా తాత డబుల్ చేసీవాడు" అంది నెమ్మదిగా.

"అంటే?"

"రిలీవర్ రాకపోతే ఆ షిఫ్టు కూడా ఆయనే. చార్జి ఎవలికీ ఇచ్చీవాడు కాదు. తన దగ్గరే ఉంచుకునీవాడు."

"మరి నీ దగ్గరేముంది?"

"ముందు పేరు, నంబరు. తర్వాత పేపరంతా ఒకసారి చూడాలి. వచ్చిన ప్రశ్న ముందు రాయాలి. ఇరుక్కుంటే అక్కడ గీత కొట్టి, తర్వాత ప్రశ్నకి ఆగే బఢ్ జానా."

శభాష్ అంటుందేమోనని ఆగాను. దీదీ అనలేదు. సుచిత్ర హాల్ టికెట్ సరిచూసుకుని, మిగిలిన రెక్క సందులోంచి లోపలికి దూరింది. వెనక్కి తిరగలేదు.

"వెళ్లింది దీదీ" అన్నాను.

"సరే."

ఫోను మాత్రం పెట్టెయ్యలేదు. నేనే పెట్టేశాను.

మిగతా పరీక్షలకి సుచిత్ర ఒక్కతే సైకిలు మీద వెళ్లింది. నాకు బేరం పోయింది. జూన్‌లో పాసయింది. ఇప్పుడు ఐటీఐలో వెల్డింగు చదువుతోంది. సింహాచలమ్మ ఆ సంగతి గిన్నెలతో సహా అందరికీ చెబుతోంది. ముందుగదిలో స్టూళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

మొన్న దీదీని మార్కెట్టు నుంచి తీసుకొస్తూ ఆటో పక్కన ఆపి, ఆవిడ గురించి నేను రాసిన ఈ కథంతా చదివి వినిపించాను. కూరల సంచీ ఒళ్లో పెట్టుకుని వింది. చిట్టచివర ఇలా రాశాను: ఆఖరి పరీక్ష అయిన సాయంత్రం కుముదిని దీదీ గెలిచిన రాణిలా తలుపు బిడాయించుకుని పడుకుంది, ఆ గురకకి ప్లాంటు చిమ్నీలు మూడు పక్కకి ఒరిగాయి. అక్కడ చెయ్యెత్తి ఆపింది.

"నేను పడుకోలేదు. ఎలా రాసిందో చెప్పడానికి సుచిత్ర వస్తుందేమోనని తలుపు తీసి కూర్చున్నాను. రాలేదు. దోమలు వస్తుంటే వేసేశాను."