హమీదాకు చేరనివ్వని పిలుపు

తొమ్మిదేళ్లుగా ఒక మాట గొంతులోనే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. నేను చదివింది మూడో తరగతి. రాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి. ఇంట్లో ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను.

మాది ఫలక్‌నుమా. మా మనవరాలు స్వప్న బట్టల డిజైన్ చదువుకుంది. పాత నేతచీరలను పొరలుగా పేర్చి, బొంతకుట్టుతో కోట్లు చేయిస్తుంది. ఒక్కో కోటుకు నెల పడుతుంది. దాన్ని స్లో ఫ్యాషన్ అంటారట. ఎదురింటి హమీదా, నేను కలిసి కుట్టేవాళ్లం.

నా కుట్టు గట్టిది, అంతే. హమీదా దారానికి ముడి వేయదు. కొసను పొరల మధ్యకు తీసుకుపోయి, వెనక్కి నాలుగు కుట్లు వేసి దాచేస్తుంది. కోటు తిరగేస్తే లోపలిదేదో పైదేదో తెలియదు. వాళ్లమ్మ నేర్పిన పని. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా కొస జారిపోయేది.

ఒకరోజు ఫ్యాషన్ కాలేజీ మేడం వచ్చింది. స్వప్న ఇంట్లో లేదు. హమీదా కుట్టిన కోటును తిరగేసి చాలాసేపు చూసింది. ఇది కుట్టినామె వారానికి రెండు రోజులు వచ్చి మా పిల్లలకు నేర్పాలి అంది. ఎవరామె అని అడిగింది.

నేనే అన్నాను.

ఎందుకన్నాను? పొయ్యి దగ్గరికి తప్ప నన్నెవరూ ఎక్కడికీ పిలవలేదు. అదా కారణం? హమీదాను మాత్రం ఎవరు పిలిచారు? భర్త పోయాక నాలుగు గోడల మధ్య ఊపిరాడటం లేదని, ఎవరైనా అడిగితే ఆడపిల్లలకు కుట్టు నేర్పుతానని ఆమె నాతోనే ఎన్నిసార్లు అనలేదు? తెలిసే అన్నాను. స్వప్న అడిగితే, హమీదా రానందని, ఆమె దగ్గర మళ్లీ ఆ ఊసెత్తవద్దని చెప్పాను. నా మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

ఆ సాయంత్రమే హమీదా వచ్చింది.

"అక్కా, కాలేజీ మేడం వచ్చిందంట గదా. నా కోటు చూసిందా?"

"చూసింది."

"ఏమన్నది?"

"ఏమంటది? మంచిగుందన్నది. గంతే."

"గంతేనా! నన్ను టీచరమ్మను చేస్తదేమో అనుకున్న," అని నవ్వింది. "చల్, ఛాయ్ అన్నా పొయ్. చక్కెర జర ఎక్కువెయ్యి, కంజూస్ అక్కా."

ఆ రోజు చక్కెర ఎక్కువే వేశాను.

నన్ను మామూలు బొంతలు నేర్పడానికి పిలిచారని తర్వాత ఆమెకు చెప్పాను. నమ్మింది. రెండేళ్లు వెళ్లాను. ముడి లేకుండా ఎలా అని పిల్లలు అడిగితే, ముందు ముడి సరిగ్గా వేయడం నేర్చుకోండని కసిరాను. వాళ్లకు నా ముడులే వచ్చాయి.

ఇప్పుడు హమీదా చేతులు వణుకుతున్నాయి. సూదిలోకి దారం ఎక్కించలేకపోతోంది. ఆ పని ఇంకెవరికీ రాదు. గుడ్డపీలిక కూడా పారేయని నేను దాన్ని పోనిచ్చాను.

మా అక్క కాలేజీల పాఠం చెప్పింది తెలుసా అని ఇరుగుపొరుగుకు గొప్పగా చెబుతుందామె. నేను తల వంచుకుని కూరగాయలు తరుగుతాను. నిజం చెప్పాలని అనుకోలేదా? అనుకున్నాను. ఆమె మళ్లీ నా గడప తొక్కదేమోనన్న భయం నోరు నొక్కేస్తుంది.

ఆమెకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అందుకే ఇక్కడ రాయగలుగుతున్నానేమో. క్షమించమని మిమ్మల్ని అడగను; అది మీ చేతిలో లేదు. రాసినందుకు గుండె కొంచెం తేలికపడింది, అంతే.

కాలేజీవాళ్లు పిలిచింది నిన్ను, హమీదా.