పిట్ట దాచిన బియ్యం

పిట్టా, మొన్న ఆదివారం కూడిక మనింట్లోనే పెట్టుకున్నాం. పప్పుచారు నేనే కాచాను. నువ్వు పోయి అప్పటికి నలభై రెండు రోజులు.

ఇది చదివేవాళ్లకు ముందు సంగతి చెప్పాలి. పిట్ట నా ఒక్కగానొక్క బిడ్డ. ఇరవై రెండేళ్లది. పచ్చకామెర్లతో పోయింది. తొలకరి వానలకు ఛత్రినాకలో మా గల్లీ నల్లా నీళ్లు చెడిపోయాయి. ఇంటికొకరు పడ్డారు, మళ్లీ లేచారు. నా బిడ్డ లేవలేదు. ఆ పొద్దున జావ కాచి తీసుకుపోదామని నేను దవాఖాన నుంచి ఇంటికి వచ్చాను. గిన్నె దించుతుంటే మా ఆయన గల్లీ మలుపు తిరిగి రావడం కనిపించింది. సైకిల్ మీద రావలసిన మనిషి, సైకిల్‌ను నడిపించుకుంటూ వస్తున్నాడు. ఆయన నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. జావ గిన్నె మీద మూత పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

కూడిక వాళ్లు నెలనెలా వేసే చిన్న పత్రికకు నాలుగు మాటలు రాయమని సిస్టరమ్మ అడిగింది. నేను చదివింది మూడో తరగతి. “మీరు మాట్లాడినట్టే రాయండమ్మా, తప్పులుంటే నేను దిద్దుతాను” అంది. అందుకే రాస్తున్నాను.

సిస్టరమ్మ సంతోష్‌నగర్‌లో ఒక చిన్న ఆస్పత్రిలో నర్సు. గుంటూరు వైపు నుంచి వచ్చింది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు నా బిడ్డ అక్కడే ఆయాగా చేరింది. ఒక ముసలామె మంచం పట్టి ఉంటే చూడడానికి ఎవరూ రాలేదట. డ్యూటీ అయిపోయాక కూడా సిస్టరమ్మ ఆ మంచం పక్కన కూర్చుని మెల్లగా పాడుతుండేదట. నా బిడ్డ అది చూసింది. ఆ ఆదివారం సాయంత్రం ఆమె వెంట ఏసు ప్రార్థనల కూడికకు పోయింది.

ఇంటికి వచ్చాక నాకు చెప్పింది.

“గుడి లేదు, గంట లేదు అమ్మా. ఒకలింట్ల చాప ఏస్తరు. పాడుతరు. ఎవలికి ఏం కష్టమున్నదో అడుగుతరు.”

“అడిగి ఏం జేస్తరు?”

“అడుగుతరు అంతే. మన గల్లీల ఎవలడుగుతరు?”

“మన గల్లీల అందరడుగుతరు. పిల్లకు సంబంధం సూస్తలేవా అని.”

అది పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం లోపల భయం. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. రాగానే ఆయన ముందు మొత్తుకున్నాను. “గట్ల పోయినోళ్లు పేరు మార్చుకుంటరు” అన్నాను.

“పేరు మారిస్తె నీ నోరు మారుతదా? నువ్వు పిట్టా అనే పిలుస్తవు” అన్నాడాయన. “లొల్లి వద్దు. ఆదివారం పోతది, ఆదివారమే వస్తది.”

అట్లా వారం వారం పోయేది. ఒకసారి సిస్టరమ్మ ఇంట్లో, ఒకసారి దబీర్‌పురా స్టేషన్ పక్కన రైల్వే తాత ఇంట్లో. రైల్వే తాత అంటే పట్టాల మీద పనిచేసి రిటైరైన ముసలాయన.

వాళ్ల కూడికలో ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్లు అన్నానికి బియ్యం తీసేటప్పుడల్లా ఒక పిడికెడు పక్కన పెడతారు. ఆదివారం ఆ సంచి తెచ్చి అందరివీ ఒక్కచోట పోస్తారు. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికి పంపుతారు. నా బిడ్డ కూడా నన్నడిగింది, పిడికెడు తీసి పెట్టనా అని.

“మీ బాపు చెమటోడ్చి తెచ్చిన బియ్యం. నీ కూడికకు గింజ గూడ ఇయ్య” అన్నాను.

మళ్లీ అడగలేదు. మరునాటి నుంచి పొద్దునా సాయంత్రం బియ్యం తానే కొలుస్తానంది. పిల్లకు ఇంటి పని మీద ధ్యాస వచ్చిందని సంబరపడ్డాను.

పోయిన ఏడు ఆషాఢంలో పాతబస్తీ బోనాలప్పుడు రేషన్ దుకాణానికి బియ్యం రాలేదు. కొత్త కుండకు పసుపు రాసి, వేపాకు కట్టి పెట్టుకున్నాను. ఇంట్లో చూస్తే బియ్యం అడుగంటాయి. ట్రంకు పెట్టె జరిపితే వెనక తెల్ల గుడ్డ సంచి కనిపించింది. మూతి కట్టి ఉంది. విప్పితే బియ్యం. కష్టకాలానికి నా బిడ్డ దాచిందనుకున్నాను. నా బంగారు తల్లి అనుకుంటూ, అన్నీ పోసి పసుపన్నం వండి, నెత్తిన పెట్టుకుని పోయి అమ్మవారికి బోనం ఇచ్చి వచ్చాను.

సాయంత్రం అది డ్యూటీ నుంచి వచ్చి ట్రంకు వెనక్కు చూసింది.

“అమ్మా, గీడ సంచి ఉండె.”

“బోనం వండిన బిడ్డా. మస్తు పనికొచ్చింది.”

అది గడప మీద కూర్చుంది. “గవి కూడిక బియ్యం” అంది.

వాళ్ల దేవుడి బియ్యం తెచ్చి మా అమ్మవారికి పెట్టాను. ఇటూ తప్పే, అటూ తప్పే.

“తెల్వక జేసిన. మీ దేవునికి కోపమొస్తదా?”

“బోనం ఎవలు తిన్నరు?”

“గల్లీ పోరగాండ్లు. గుడి కాడ గుడ్డి అవ్వ ఉంటది గదా, ఆమెకు దొప్పెడు పెట్టిన.”

“కడుపునిండ తిన్నదా?”

“ఇంకింత అడిగింది. పెట్టిన.”

“అయితే యాడికి పోవాల్నో ఆడికే పోయింది. ఫికర్ జేయకు. నువ్వు తిన్నవా?”

“నీ కోసం ఆగిన.”

దానికీ ఒక ముద్ద పెట్టబోయాను. వద్దంది. “గది నేను తినను అమ్మా. కోపం జేయకు” అని పొద్దుటి రొట్టె తుంచుకుంది. నాకు రోషం వచ్చింది. అది కనిపెట్టే కావచ్చు, నా మోకాలి మీద చెయ్యేసి అడిగింది.

“ఒక్కపారి కూడిక మనింట్ల పెట్టుకుందమా? నీ చేతి పప్పుచారు వాళ్లకు తినిపియ్యాలె.”

“నా బోనం నువ్వు తినవు, నీ కూడికకు నేను వండాల్నా?” అన్నాను.

ఆ మాటకు కూడా అది నవ్వింది. తర్వాత ఎన్నిసార్లు అడిగిందో. దసరా పోనీ అన్నాను. చలి తగ్గనీ అన్నాను. మీ బాపుకు డ్యూటీ మారనీ అన్నాను. అన్నీ పోయాయి, తగ్గాయి, మారాయి.

దాని చేతులకెప్పుడూ డెట్టాల్ వాసన. ఇంట్లోకి రాగానే “తిన్నవా?” అని అడిగేది. నేను అదే తిరిగి అడిగితే “ఆస్పత్రిల తిన్న” అనేది. రాత్రి కంచంలో కొంచెమే పెట్టించుకునేది. చిన్నప్పుడు తిండి సరిగా తినదనే పిట్ట అని పిలిచాం. అదే గుణం అనుకున్నాను. నమ్మాను.

మా పద్ధతిలోనే దాన్ని సాగనంపాం. కూడిక వాళ్లు అడ్డం చెప్పలేదు, వెనక నడిచారు. మరునాడు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పొద్దెక్కాక రైల్వే తాత, సిస్టరమ్మ వచ్చారు. ఒక గిన్నె నిండా అన్నం, ఒక సంచి బియ్యం తెచ్చారు.

“తీసుకో అమ్మా. దీంట్ల నీ బిడ్డ పోసినయే ఎక్కువ” అన్నాడు తాత.

“నా బిడ్డ యాడికెల్లి తెచ్చింది? నేను గింజ గూడ ఇయ్యలే.”

తాత సిస్టరమ్మ వైపు చూశాడు. ఆమె నా పక్కన కింద కూర్చుంది.

“రోజూ తన వంతులోంచి తీసి పెడుతున్నానని నాతో అందమ్మా. వద్దని చెప్పాను. వినలేదు.”

అప్పుడు అర్థమైంది బియ్యం తానెందుకు కొలుస్తానందో. నాకూ వాళ్ల బాపుకూ సరిగ్గానే కొలిచేది. కోత పడింది దాని వంతు బియ్యంలోనే.

“సిస్టరమ్మా, తిండి లేకనే పోయిందా నా బిడ్డ?”

“కాదమ్మా. అది నీళ్ల జబ్బు. బాగా తిన్నవాళ్లకూ వచ్చింది. నేను నర్సుని, మీకు అబద్ధం చెప్పను.”

నా తల ఒప్పుకుంది. కడుపు ఒప్పుకోలేదు. నేనొక్క పిడికెడు ఇస్తానని ఉంటే అన్న మాట నాతోనే లేచేది, నాతోనే పడుకునేది.

ట్రంకు వెనక దొరికిన ఆ తెల్ల సంచి ఉతికి ఆరేశాను. ఆస్పత్రి గుడ్డతో నా బిడ్డ కుట్టుకున్నదే. ఇప్పుడు వంటకు బియ్యం తీసేటప్పుడల్లా పిడికెడు అందులో పడుతుంది. నేను మరిచిపోతే మా ఆయనే లేచి వేస్తాడు. వేసి, చెయ్యి కాసేపు సంచిలోనే ఉంచుతాడు.

మొన్న ఆదివారం వాళ్లు మా ఇంటికి వచ్చారు. చాపలు చాలకపోతే పక్కింటి ఖాలా తన జంపఖానా ఇచ్చింది. పాటలు నాకు రావు, ఊరికే కూర్చున్నాను. నేను పేరు మార్చుకోలేదు. ఈ ఏడు మైల, బోనం ఎత్తలేదు. వచ్చే ఏడు సంగతి నాకే తెలియదు. ఆ మాట వాళ్లూ అడగలేదు. ఎవరికి ఏం కష్టముందో మాత్రం అడిగారు.

“నా బిడ్డ ఆకలితోని పండుకున్నదేమో” అన్నాను.

రైల్వే తాత నా వైపు తిరిగాడు.

“ఇంట్ల సంగతి నాకు తెల్వదు అమ్మా. మా ఇంటికొస్తె మాత్రం ముందు పొయ్యి కాడికే పోయేది. రెండుపార్లు పెట్టిచ్చుకునేది. ఓ రోజు మా ముసల్దానికి ఉంచిన కూర గూడ ఊడ్సింది. నీకు పిట్టనేమో గాని, మాకు గద్దనే.”

సిస్టరమ్మ నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. మా ఆయన నవ్వాడు. నలభై రెండు రోజుల తర్వాత నాకూ నవ్వు వచ్చింది, దాని వెంటే ఏడుపు వచ్చింది. ఆ ఊడ్చిన కంచం ఒకటి నా కళ్ల ముందు నిలిచిపోయింది.

పాటలయ్యాక వడ్డించాను. తాతకు రెండోసారి పెడుతుంటే చాలన్నాడు. నేను ఆగలేదు.

ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. మీ ఇంట్లో ఎవరైనా బయట తిన్నామంటే నమ్మకండి, కంచం పెట్టండి. మీరు కూడా కడుపునిండా తినండి.