దేవుడి గూట్లో రాళ్ళపెట్టె

రామమూర్తి మాస్టారు రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి, ఒక రాయిని ఎండకేసి అటూ ఇటూ తిప్పి చూస్తారు. కాఫీ ఆ తర్వాతే.

టెక్కలిలో ఆయన సైన్సు మాస్టారు. ఈ సంగతి జరిగేనాటికి చేరి రెండేళ్ళయినా ఉద్యోగం ఖాయం కాలేదు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి పాఠం విని బాగుందనాలి. అందుకని తనకిష్టమైన పాఠమే ఎంచుకున్నారు: ఖనిజాల మీద పడిన వెలుగు తిరిగొచ్చే తీరు. ఇనపరాయిది లోహపు మెరుపు, అభ్రకానిది ముత్యపు మెరుపు, ఎర్ర జేగురురాయికి మెరుపే లేదు. గాజు మెరుపు చూపించడానికి పెద్ద ఉప్పురాయి కావాలని ఉప్పు పండించే నౌపడ కొఠార్లకు వెళ్ళారు.

"ఏటి మాస్టారూ, ఇంట్లో ఉప్పు నిండుకుందేటి?" అంది అక్కడ పనిచేసే అసిరమ్మ.

"పిల్లలకి చూపించాలమ్మా."

"ఉప్పు సూడ్డానికి బడికెల్లాలేటి!" అని నవ్వుతూనే, పలకలు తేరిన రాయి ఒకటి వెతికి ఇచ్చింది.

ఎలుకలు లాగేస్తాయేమోనని మాస్టారు రాళ్ళపెట్టెను దేవుడి గూట్లో దాచారు. అదే పొరపాటు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు తెల్లవారుతూనే తల్లి దుర్గాంబగారు మడి కట్టుకుని, పెట్టె విప్పి, రాళ్ళన్నీ గంగాళం నీళ్ళలో నానేశారు.

"ఎవరెవరు ముట్టుకున్నవో! కడక్కుండా దేవుడి దగ్గర పెడతావేట్రా?"

మాస్టారు నీళ్ళలో చెయ్యి పెట్టి దేవులాడారు. "ఉప్పురాయేదమ్మా?"

"ఉప్పా? గాజుముక్కనుకున్నాన్రా." ఆవిడ మొహం చిన్నబోయింది. మాస్టారికి వచ్చిన కోపం అది చూసి ఆగిపోయింది.

తడిరాళ్ళనే తువ్వాల్లో మూటకట్టుకుని బడికి పరుగెత్తారు. ఏ రాయిది ఏ మెరుపో చెప్పి బల్లమీద పరిస్తే అన్నీ ఒకేలా తళతళలాడాయి.

"జేగురుకి మెరుపు లేదన్నారే?" అడిగారు ఇన్‌స్పెక్టరుగారు.

మాస్టారు జేగురురాయిని చేతిలోకి తీసుకున్నారు. "అది నీళ్ళ మెరుపండీ. ఆరనివ్వండి."

రాళ్ళను కిటికీ గట్టుమీద ఎండలో పెట్టారు. క్లాసంతా మెడలు సాచి చూసింది. ముందు జేగురు మసకబారింది. అభ్రకం ఆరినకొద్దీ పాలు కలిసినట్టు మెత్తగా మెరిసింది. ఇనపరాయి మెరుపు అలాగే నిలిచింది.

"మరి గాజు మెరుపేదీ?"

"మా అమ్మ కడిగేసిందండీ." జరిగింది చెప్పి, "ఉప్పురాయిని చూసి గాజుముక్కనుకుందిట. గాజు మెరుపంటే అదేనండీ" అన్నారు.

పిల్లలు పగలబడి నవ్వారు. ఇన్‌స్పెక్టరుగారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇప్పుడు రామమూర్తిగారిది ఆ బడిలోనే ఖాయమైన ఉద్యోగం. రాళ్ళపెట్టె బడి బీరువాలో ఉంటుంది. ఇంటికి రోజుకొక్క రాయే తెచ్చుకుంటారు.