నైలా ఇంట్లో వెతికిన గానుగ

స్ఫాక్స్ ఊళ్లో నేను పనిచేసే ఆలివ్ గానుగను నడిపే ప్రోగ్రామ్ నైలా రాసిందే. కూర్చున్న చోట నిమిషం కుదురుండదు గానీ, పట్టిందంటే ఉడుంపట్టే.

ఆ నవంబర్‌లో గానుగ కంప్యూటర్ కాలిపోయింది. కొత్తదాని కోసం నైలా ఇంట్లో ప్రోగ్రామ్ మళ్లీ తయారుచేసి తెచ్చింది. ఎక్కిస్తే, 'లైబ్రరీ దొరకలేదు' అని తెర మీద ఒక్క ముక్క పడి ఆగిపోయింది. బయట బస్తాల్లో కాయలు వేడెక్కుతున్నాయి. ఇంకా ఆలస్యమైతే నూనె ముక్కిపోతుంది. మిగతా గానుగల ముందూ లారీలు బారులు తీరాయి. అందరికన్నా ముందొచ్చింది మహ్బూబా పెద్దమ్మ. ఏడాది పొడుగునా ఆమె ఇంటికి ఆ కాయల నూనే ఆధారం.

"మా ఇంట్లో చక్కగా నడిచింది బాబాయ్!" అంది నైలా.

"అయితే గానుగను మీ ఇంటికే మోసుకుపోవే," అన్నాడు యజమాని షెద్లీ.

నైలా నాలుక కరుచుకుంది. లైబ్రరీ, అంటే ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన సాయం ఫైలు, దాని పక్కనే ఉంది. కానీ నడిచేటప్పుడు దాన్ని ఎక్కడ వెతకాలో, ఆ రెంటినీ జతచేసే వేళ, అంటే లింక్ చేసేటప్పుడే, చెప్పాలి. అక్కడ తన ల్యాప్‌టాప్‌లోని సొంత ఫోల్డర్ దారి ఇచ్చేసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

'నువ్వున్న చోటి పక్కనే చూడు' అని చెప్పే డాలర్ గుర్తుతో మొదలయ్యే మాట రాసి మళ్లీ లింక్ చేసింది. మళ్లీ అదే ఏడుపు. నాకు ఒళ్లు మండింది.

"అవుతుందా కాదా, ఒక్క మాట చెప్పి చావు తల్లీ!"

ఆమెకు వినిపించనే లేదు. ప్రోగ్రామ్‌లో చివరికి ఏ దారి పడిందో తీసి చూసింది. డాలర్ మాటే లేదు! కోట్స్‌లో పెట్టకపోయేసరికి, కమాండ్ తీసుకునే షెల్ మధ్యలోనే దాన్ని మింగేసింది. ఒంటి కోట్స్‌లో పెట్టి లింక్ చేయగానే గానుగ కదిలింది.

మొదటి వంతు మహ్బూబాదే. నూనె వాసన చూస్తే, అప్పటికే ముక్కిపోయింది.

"పెద్దమ్మా, నా వల్లే..." అంది నైలా.

"తెలుసులే." ఆమె రొట్టె తుంచి ఆ నూనెలోనే ముంచి నైలా చేతికిచ్చింది. "తిను, పొద్దుట్నించీ ఏమీ తినలేదు. ఈ ఏడు కూరలోకి నూనె లేదు గానీ, దీంతో వండుకుంటే ఇంటినిండా సబ్బులే."

నవ్వింది తనొక్కతే.