మామ బావి, నా భూగర్భశాస్త్రం

ఆ రోజుల్లో మద్రాసులో ఒక్క ఏడు చదివి వచ్చినవాడికి తెలియనిది ఉండదని మా కోడుమూరు వైపు గట్టి నమ్మకం. ఆ నమ్మకం అందరికంటే నాకే ఎక్కువ. కాలేజీలో ఏడాదిపాటు భూగర్భశాస్త్రం వెలగబెట్టి (పరీక్ష ఫలితాలు ఇంకా రాలేదు, అదొక అదృష్టం) ఎండాకాలం సెలవులకు మా మేనమామ ఇంటికి వెళ్ళాను. అప్పటికి మామ తన చేలో ఆరు నిలువుల లోతు బావి తవ్వించాడు. చుక్క నీరు పడలేదు. అత్త మైలు దూరం నుంచి బిందెలు మోస్తూనే ఉంది. ఇక పూడ్చేద్దామా అని మామ తల పట్టుకున్న సమయానికి నేను చేరాను.

"ఏమప్పా అల్లుడా, మద్రాసులో భూమిని గురించి చదువుతాండావంట గదా. సూసి చెప్పు, తవ్వల్లనా, నిలపల్లనా?" అన్నాడు.

బావిలో దిగి చూడాలంటే మోకు పట్టుకుని వేలాడాలి. నాకు భయం. (పంచె మాసిపోతుందని చెప్పాను.) అందుకని గట్టు మీద పోసిన కుప్పనే పరీక్షించాను. పైన నల్లరాతి ముక్కలు, వాటి కింద గులకరాళ్ళ గరసు, అడుగున ఎర్రమన్ను. గొంతు సవరించుకుని, "మామా, అడుగు పొర పాతది, పై పొర కొత్తది. శాస్త్రవేత్తలు భూమి చరిత్రకు వరస కట్టేది ఇట్లాగే. ఇక కొన్ని రాళ్ళలో యురేనియం మెల్లగా సీసంగా మారుతుంటుంది. మారిందెంత, మిగిలిందెంత అని కొలిస్తే రాతి వయసే తెలిసిపోతుంది. కోట్ల ఏండ్లు!" అన్నాను.

"కోట్లు సరేప్పా, నీళ్ళు యాడ?"

"పైనున్న బండ, గరసు రెండూ దాటేశారు. ఇక కిందంతా మెత్తటి మన్నే. తవ్వించు."

మామ మొహం వెలిగింది. పని ఆపొద్దని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడు. అంతవరకూ పక్కనే నిలబడి విన్న బావులు తవ్వే ముసలాయన (ఊరంతా ఆయన్ను గడ్డపార తాత అనేవారు) మెల్లగా నా దగ్గరకు వచ్చాడు.

"అప్పా, నేను ముందు తీసిన మన్ను కుప్పలో అడుగున పడ్తాది. నిన్న తీసిన బండ పైన ఉండాది. నువ్వు సూసింది తలకిందులు బావి."

మామ వెళ్ళిన దారి వైపు చూశాను. "మామతో చెప్తావా తాతా?"

"ఎందుకు చెప్తా? బండ తగలనీ, దాని నెర్రెల్లోనే నీళ్ళుంటాయని నెల దినాల నుంచి మొత్తుకుంటాండా. నేను చెప్తే ఇనలే. నువ్వు చెప్తే ఇన్నాడు. శానా మేలు చేసినావు."

ఆ తర్వాత తొమ్మిది రోజులు నాకు అన్నం సహించలేదు. పదో రోజు బండ నెర్రెలోంచి నీళ్ళు ఉబికాయి. అత్త కళ్ళు తుడుచుకుంటూ మొదటి చెంబు నాకే ఇచ్చింది. సిగ్గేసి తాతకు అందించాను. ఆయన తాగి, మూతి తుడుచుకుని, "ఈ నీళ్ళ వయసెంతప్పా?" అని అడిగాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు. తెలియదన్నాను. ఆ సెలవుల్లో నేను శాస్త్రం గురించి పలికిన నికరమైన మాట అదొక్కటే.

"మా అల్లుడు గట్టు మీద నిలబడే చెప్పినాడు, బావిలో కాలు కూడా పెట్టలే" అని మామ బతికినంతకాలం చెప్పుకున్నాడు. నిజం చెప్పే ధైర్యం నాకు రాలేదు. ఆయన ఆ మాట ఎత్తినప్పుడల్లా సిగ్గుతో తల దించుకునేవాణ్ణి, దించుకుంటూనే ఇంకోసారి చెబితే బాగుండునని లోపల ఆశపడేవాణ్ణి. ఇప్పుడు అట్లా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.